చంద్రకాంత ఆకు రసం: వైరస్ రాకముందే కొట్టాలి

టమాటాకి ముడత (ఆకులు ముడుచుకుపోయే వైరస్ తెగులు) వచ్చేసింది ఏం కొట్టాలి అని అడిగేవాళ్ళే ఎక్కువ, అందుకే ముందే చెప్పేస్తున్నా, ముడత వచ్చిన మొక్క ఏ రసం కొట్టినా మళ్ళీ మామూలు అవ్వదు, పీకి కవర్లో కట్టి బయట పడెయ్యాల్సిందే. నిరుడు నేను నాలుగు మొక్కలకి ముడత వచ్చాక రెండు వారాలు వరసగా కొట్టాను, ఒక్కటీ కోలుకోలేదు, పక్క కుండీలకి కూడా పాకింది. చంద్రకాంత ఆకు రసం కొట్టడం నారు శుభ్రంగా ఉన్నప్పుడు చెయ్యాల్సిన పని.

చంద్రకాంత అందరికీ తెల్సిన మొక్కే, సాయంత్రం నాలుగు దాటాక పూలు విచ్చుకుంటాయి, గింజలు నల్లగా మిరియాల్లా ఉంటాయి. అందులో ఒక ప్రొటీన్ ఉంది. కణంలో ప్రొటీన్లు తయారుచేసే మిషన్ని రైబోజోమ్ అంటారు కదా, ఈ ప్రొటీన్ వెళ్ళి ఆ రైబోజోమ్‌లో ఒకే ఒక్క చోట అడెనిన్ అనే చిన్న ముక్కని తీసేస్తుంది, అంతే మిషన్ ఆగిపోతుంది. వైరస్‌కి సొంత మిషన్ లేదు, మొక్క మిషన్ వాడుకునే పెరగాలి, కాబట్టి దూరిన కణంలోనే ఆగిపోతుంది. ఇలాంటి ప్రొటీనే ఉన్న పోక్‌వీడ్ అనే అమెరికా కలుపు మొక్క రసం కలిపితే పొగాకు మొజాయిక్ వైరస్ (ఆకుల మీద లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలు తెచ్చేది) సరిగ్గా అంటుకోవట్లేదని డగ్గర్, ఆర్మ్‌స్ట్రాంగ్ 1925లోనే రాశారు. మన దేశంలో లక్నో యూనివర్సిటీలో హెచ్.ఎన్.వర్మ గారు, ఆయనతో పనిచేసినవాళ్ళు అటికమామిడి వేరు మీద చాలా ఏళ్ళు పనిచేసి, కింది ఆకులకి ఆ రసం పూస్తే పైన పుయ్యని ఆకులకి కూడా రక్షణ వస్తుందని చూపించారు. చంద్రకాంత, కాగితం పూలు, అటికమామిడి మూడూ ఒకే కుటుంబం మొక్కలు, మూడూ మన వీధిలోనే దొరుకుతాయి, నాకైతే ఇది భలే ఆనందంగా ఉంటుంది.

ఇక తయారీ. మచ్చలూ ముడతలూ లేని చంద్రకాంత ఆకులు 100 గ్రాములు (లేకపోతే కాగితం పూల చెట్టు ఆకులు) కడిగి, గ్లాసు చల్లటి నీళ్ళు పోసి మిక్సీలో ఆపి ఆపి తిప్పండి, ఒకటే పట్టున తిప్పితే జార్ వేడెక్కుతుంది. ముద్ద జిగురుగా, బెండకాయ రుబ్బినట్టు వస్తుంది. పాత పంచె గుడ్డలో రెండుసార్లు వడకట్టండి, లేకపోతే స్ప్రేయర్ నాజిల్ ఐదు నిమిషాల్లో మూసుకుపోతుంది. మొత్తం లీటరు అయ్యేలా నీళ్ళు కలిపి, ఆకుకి అంటుకోడానికి అర చెంచా కుంకుడు రసం వెయ్యండి. కషాయంలా మరగబెట్టొద్దు, గుడ్డు ఉడికితే ఎలా గట్టిపడుతుందో ప్రొటీన్ కూడా అలా పాడవుతుంది. ఏ రోజు చేసింది ఆ రోజే వాడెయ్యాలి.

నారుకి రెండు అసలు ఆకులు రాగానే మొదటిసారి, నాటడానికి రెండ్రోజుల ముందు ఇంకోసారి, తర్వాత పూత దాకా వారానికోసారి, ఎండ తగ్గాక ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టండి, వాన పడి కడిగేస్తే మళ్ళీ కొట్టాలి. చేతులతో, కత్తెరతో అంటుకునే మొజాయిక్‌ల మీద ఇది బాగా పనిచేస్తుంది (బీడీ, సిగరెట్ పొగాకులో ఈ వైరస్ ఉండొచ్చు, అవి ముట్టుకున్న చేత్తో టమాటా, మిరప నారు అస్సలు తాకొద్దు). తెల్లదోమ తెచ్చే ఆకుముడతకి మాత్రం ఇదొక్కటే చాలదు, నారు మీద నెట్ వెయ్యాలి, పసుపు జిగురు అట్టలు పెట్టాలి.

వేరుశనగ వేసేవాళ్ళకి ఇంకో దారి ఉంది, మొవ్వు కుళ్ళు వైరస్‌కి జొన్న ఆకు గానీ కొబ్బరి ఆకు గానీ 10 శాతం రసం, విత్తిన 10వ రోజు, 20వ రోజు కొట్టమని తమిళనాడు వ్యవసాయ యూనివర్సిటీ చెప్తుంది. దాంతోపాటు గట్ల మీద వయ్యారిభామ పూతకి రాకముందే పీకెయ్యండి, ఎందుకంటే 2000లో అనంతపురంలో రెండు లక్షల హెక్టార్లకి పైగా వేరుశనగని దెబ్బతీసిన కాండం కుళ్ళు వైరస్ ఆ పుప్పొడిలోనే ఉండి తామర పురుగులతో చేలోకి వచ్చింది.

జాగ్రత్త ఒకటి. చంద్రకాంత గింజలూ వేర్లూ విషం, మిరియాల్లా ఉంటాయని పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, కాబట్టి ఎండిన గింజలు ఎప్పటికప్పుడు ఏరెయ్యండి. ఆముదం గింజలో ఉండే రైసిన్ కూడా రైబోజోమ్‌లో ఇదే పని చేస్తుంది, అది మనిషి ప్రాణం తీస్తుంది, ఇంకా బలంగా ఉంటుందని ఆ గింజలు ఇందులో రుబ్బొద్దు. గ్లౌజులు, మాస్క్ వేసుకోండి, ఆ మిక్సీ జార్ మళ్ళీ వంటకి వాడొద్దు.

ఈసారి రెండు మూడు మొక్కలకి రసం కొట్టకుండా గుర్తుగా దారం కట్టి వదిలెయ్యండి, కొట్టినవాటికీ వీటికీ తేడా మీ కళ్ళతోనే చూస్తారు, కొట్టని మొక్కలకి ముడత మొదలైన రోజే వాటిని తీసెయ్యండి.