వానలకు ముందు: రొయ్యల గుంటల మీద ఏటీవీ నడిపేవాళ్లకు జాగ్రత్తలు

మన నెల్లూరు తీరానికి అసలు వానలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా ఉంటాయి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతినడం, హైవే మీద రాకపోకలు ఆగిపోవడం ఎవరూ మర్చిపోలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినా, వాన మాత్రం నెల్లూరును వదల్లేదు. అలాంటి కాలం రాకముందే ఇది రాస్తున్నా. మాకు విడవలూరు వైపు రొయ్యల గుంటలున్నాయి. ఈ ఎండాకాలంలో చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ ఏటీవీ ఒకటి తీసుకున్నాం, అంటే బైకులా హ్యాండిల్ పట్టి నడిపే నాలుగు చక్రాల బండి.

పొడి గట్ల మీద దాని పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. బైకు కూరుకుపోయే ఇసకలో, ట్రాక్టరు తిరగలేని మూలల్లో మేత బస్తాలతో హాయిగా పోతుంది. తడి గట్టు మీద లెక్క మారిపోతుంది. నాలుగు చక్రాలూ లాగుతాయి కాబట్టి బండి ఎక్కడైనా నిలబడుతుందని కొత్తగా కొన్నవాళ్లు అనుకుంటారు. ఫోర్ వీల్ ముందుకు లాగుతుందే కానీ, పక్కకు జారే బండిని ఆపలేదు. బంకమట్టి గట్టు నానితే అంచు తెగుతుంది. రెండున్నర క్వింటాళ్ల పైచిలుకు బండి, దాని కింద మనిషి, ఆ కింద గుంట నీళ్లు. ఏటీవీ ప్రమాదాల్లో ప్రాణాలు ఎక్కువగా పోయేది బండి తిరగబడి మనిషి మీద పడటం వల్లే. అందుకే వానలు పడకముందే గట్లన్నీ నడిచి చూడండి. ఎలుక బొక్కలు, పీతల బొక్కలు, అంచు కుంగిన చోట్లు కనిపిస్తే అక్కడ కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టండి. చీకట్లో వానలో వెళ్లే కుర్రాడికి ఆ గుడ్డే దిక్కు.

బురదలోకి టూ వీల్‌లోనే, అంటే వెనక చక్రాలు మాత్రమే లాగేలా పెట్టుకుని వెళ్లాలి. వెనక చక్రాలు ఉన్నచోటే తిరుగుతుంటే యాక్సిలరేటర్ వదిలేసి, చక్రాలు ఆగాక ఫోర్ వీల్ వేసి, వచ్చిన దారినే రివర్సులో బయటికి రావాలి. మొదట్నుంచీ ఫోర్ వీల్‌లో వెళ్లి ఇరుక్కుంటే ఇక ట్రాక్టరుకు ఫోన్ చేయడమే. బురదలో ఆ ట్రాక్టరు కూడా దిగబడిందంటే రోజంతా అక్కడే.

బైకుకు అలవాటు పడ్డవాళ్లకు ఇంకో చిక్కుంది. ఏటీవీ యాక్సిలరేటర్‌ను బొటనవేలితో నొక్కాలి. బండి కుదుపుకు గురైతే భయంతో హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటాం. ఆ పట్టులోనే బొటనవేలు యాక్సిలరేటర్‌ను నొక్కేస్తుంది. ఆపాలనుకున్న బండి ఎగిరి ముందుకు దూకుతుంది. గుంటల మీద పనిచేసే ప్రతి కుర్రాడికీ ముందు ఖాళీ మైదానంలో తిప్పి తిప్పి ఇది అలవాటు చేయించండి. మలుపులో ఒళ్లు లోపలివైపు వంచాలి, ఏటవాలులో పైవైపు వంచాలి. కాళ్లు ఎప్పుడూ ఫుట్‌బోర్డు మీదే ఉండాలి. బండి ఒరుగుతోందని కాలు కింద పెట్టారంటే చక్రం ఆ కాలి మీదికే ఎక్కుతుంది. హెల్మెట్ తప్పనిసరి. ఒంటి సీటు బండి మీద రెండో మనిషిని ఎక్కించుకోవద్దు. మనం ఒళ్లు కదిల్చే చోటు ఉండదు, బరువంతా వెనక్కి పోతుంది. పదహారేళ్లు నిండని పిల్లల చేతికి పెద్దవాళ్ల ఏటీవీ ఇవ్వకూడదు. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు, అది అన్న కొడుకైనా సరే.

మేత బస్తాలు పాతిక కిలోలవి కదా అని వెనక ర్యాక్ మీద నాలుగు వేసేస్తారు. ర్యాక్ మీద ఎంత బరువు వేయొచ్చో స్టిక్కర్ ఉంటుంది, దాన్ని చదవండి. వెనక బరువు ఎక్కువైతే గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేస్తాయి. మందులు కలిపిన నీళ్ల డ్రమ్ము అంతకన్నా ప్రమాదం, లోపల నీళ్లు ఊగి బండిని ఒరిగిస్తాయి. చిన్న ట్రాలీ కట్టుకోవడం మేలు.

టైర్ల సంగతి చాలామందికి తెలియదు. ఈ బెలూన్ టైర్లలో సాధారణంగా ఐదు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అటూ ఇటూ గాలి చాలు. పంక్చర్ షాపుకు తీసుకెళ్తే అలవాటు కొద్దీ బైకుకు పెట్టినట్టే పెట్టేస్తారు. అప్పుడు టైరు నేలను పట్టదు, బండి బంతిలా ఎగురుతుంది. మామూలు గేజిలో ఇంత తక్కువ గాలి సరిగ్గా తెలియదు కాబట్టి తక్కువ పీఎస్ఐ చూపే గేజి విడిగా కొనుక్కోండి.

ఆ టైర్లలో ఉన్న గాలి వల్లే వాగులో బండి తేలుతుంది. నిలిచిన నీళ్లలో ఫుట్‌బోర్డు ఎత్తు దాటి వెళ్లొద్దు. పారే నీళ్లలో అంత లోతు కూడా అక్కర్లేదు, పక్కకు తోసేస్తుంది. కలుజు (చెరువులో మిగులు నీళ్లు బయటికి పోయే చోటు) పొర్లుతుంటే దిగకండి. నీళ్లలో ఇంజను ఆగిపోతే స్టార్ట్ బటన్ నొక్కొద్దు, సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉంటే ఇంజను లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. బయటికి లాగి ఆయిల్ చూడండి. పాల రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే, మెకానిక్ చూసేదాకా కదపొద్దు. ఇంజను శక్తిని చక్రాలకు అందించే బెల్టు ఉండే పెట్టెలోకి నీళ్లు చేరితే బెల్టు జారుతుంది, కింద ఉండే ప్లగ్ తీసి నీళ్లు వదిలేయాలి.

ఉప్పునీటి గుంటల దగ్గర తిరిగే బండిని రోజూ మంచినీళ్లతో కడగాలి. రేడియేటర్‌లో బురద గట్టిపడితే ఇంజను వేడెక్కుతుంది. వానలకు ముందే గ్రీజు, బ్రేకు ప్యాడ్లు, ఎయిర్ ఫిల్టర్ చూయించండి.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఏరియేటర్ల (గుంట నీళ్లను చిలికి గాలి అందించే మోటార్ల) కరెంటు వైర్లు. గట్టుకు అడ్డంగా పడి ఉంటాయి. టైరు ఎక్కి ఎక్కి పైతోలు ఊడుతుంది, ఆ చోట నీళ్లు నిలుస్తాయి. బండి దాటే ప్రతిచోటా వైరును పైపులో వేసి మట్టిలో దించండి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఎర్త్ లీకేజి బ్రేకర్ పెట్టించండి, పనిచేస్తుందో లేదో టెస్ట్ బటన్ నొక్కి చూడండి. ఒక్క మనిషి ప్రాణం ముందు ఈ ఖర్చు ఎంత?

రిజిస్ట్రేషన్ లేని బండిని హైవే మీదికే కాదు, ఊరి రోడ్డు మీదికీ తీసుకెళ్లకూడదు. గుంట నుంచి గుంటకు రోడ్డు దాటాల్సి వస్తే ట్రాక్టరు ట్రాలీలో ఎక్కించండి.

తుఫాను హెచ్చరిక వస్తే బండిని గట్టు మీద వదలకుండా మెరక మీద పెట్టండి. కరెంటు పోతే బంకులు పనిచేయకపోవచ్చు, ట్యాంకు ముందే నింపుకోండి. రాత్రి గుంట చూడటానికి వెళ్లేవాళ్లు ఏ గట్టు మీదికి వెళ్తున్నారో షెడ్డులో ఒకరికి చెప్పి వెళ్లాలి. ఫోను ప్లాస్టిక్ కవరులో చుట్టి జేబులో పెట్టుకోవాలి, బండి ర్యాక్ మీద కాదు.