హైదరాబాద్‌ను ఒక్కరోజులో చూడాలంటే
పిల్లాపెద్దలతో హైదరాబాద్‌ను ఒక్కరోజులో చూసి రావాలనుకునేవారు ముందుగా శుక్రవారాన్ని తప్పించుకోవాలి. ఆ రోజు సాలార్‌జంగ్ మ్యూజియంకూ, చౌమహల్లా ప్యాలెస్‌కూ సెలవు, పైగా మక్కా మసీదు ప్రార్థనల వల్ల చార్మినార్ పరిసరాలు మధ్యాహ్నం కిటకిటలాడతాయి. ఎండ ముదరకముందే 1591 నాటి చార్మినార్‌ను చూసుకుని, పదకొండున్నరకల్లా మ్యూజియంలోని సంగీత గడియారం ముందు చోటు చూసుకోవడం మేలు. గడ్డం ఉన్న చిన్న బొమ్మ ఒకటి బయటికి వచ్చి గంట కొడుతుంది. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు పడతాయి కనుక ఆ వేళకు జనం గుమిగూడతారు, ఆలస్యంగా వెళ్లిన పిల్లలకు పెద్దల వీపులే కనిపిస్తాయి. గోల్కొండను మాత్రం ఎండ తగ్గాకే పెట్టుకోవాలి. మెట్లెక్కలేని పెద్దవారు ప్రవేశద్వారపు గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే, చుట్టూ గోల లేనప్పుడు, పైనున్న మనవలకు ఆ చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది.