పిన్‌కోడ్ అడిగిన ప్రతిచోటా అసలుది ఇవ్వాలా?

ఏదైనా వెబ్‌సైటు పిన్‌కోడ్ అడిగినప్పుడు, దానితో ఆ సైటుకు పడే పని ఏమిటో ముందుగా తేల్చుకోవాలి. సరుకు ఇంటికి చేరాలన్నా, బ్యాంకు, బీమా, ఆధార్ దరఖాస్తులు నింపాలన్నా అసలు కోడే ఇవ్వాలి. ప్రభుత్వం జారీచేసే పత్రాల కోసం వివరాలిచ్చేవారు ముఖ్యమైన సమాచారాన్ని దాచకూడదని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా చెబుతోంది. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకైతే, పెట్రోలు బంకులో కార్డు పెట్టినప్పుడు అడిగే జిప్‌కోడ్ (అక్కడి పిన్‌కోడ్) బ్యాంకులో ఉన్న చిరునామాతో సరిపోలకపోతే చెల్లింపే జరగకపోవచ్చు.

సర్వేలు, లక్కీ డ్రాలు, ఉచిత కూపన్ల సంగతి వేరు. అక్కడ ఆ గడిని ఖాళీగా వదిలి చూడాలి. ఫారం ఒప్పుకోకపోతే మన ఊరి ప్రధాన తపాలా కార్యాలయం కోడ్ వేయవచ్చు: హైదరాబాదుకు 500001, విజయవాడకు 520001, విశాఖపట్నానికి 530001. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ పద్ధతిలో చివరి మూడంకెలు బట్వాడా చేసే తపాలా కార్యాలయాన్ని సూచిస్తాయి కనుక, ప్రధాన కార్యాలయం కోడ్ ఇస్తే ఊరు తెలుస్తుంది గాని పేట తెలియదు. నోటికొచ్చిన ఆరంకెలు వేయడం కంటే ఇదే మేలు. సున్నాతో మొదలయ్యే పిన్‌కోడ్ అసలు లేదు, తొమ్మిదితో మొదలయ్యేవి సైనిక తపాలావి. డబ్బు చెల్లించే సేవల్లో మాత్రం రాష్ట్రాన్ని మార్చకూడదు, ఎందుకంటే జీఎస్టీ లెక్క దానిమీద ఆధారపడుతుంది.

నిజానికి పిన్‌కోడ్ ఒక్కటే మనల్ని పట్టివ్వదు. జిప్‌కోడ్, పుట్టిన తేదీ, ఆడా మగా అన్న వివరం కలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని డేటా గోప్యతా పరిశోధకురాలు లతాన్యా స్వీనీ 2000లో అంచనా వేశారు. కాబట్టి కోడ్ మార్చి, పుట్టినరోజు బహుమతి కోసం అసలు తేదీ రాసేస్తే ఒరిగేది తక్కువే. ఫోనులో లొకేషన్ అనుమతిని కూడా తీసేయాలి. అది తెరిచి ఉంటే, కోడ్ ఏది వేసినా యాప్‌కు మన వీధి తెలిసిపోతుంది.

ఇక, తపాలా శాఖ పేరుతో "చిరునామా అసంపూర్ణం, పార్సిల్ ఆగింది" అంటూ వచ్చే సందేశాల్లోని లింకు నొక్కి పిన్‌కోడ్ గాని, కార్డు వివరాలు గాని నింపకూడదు. నిజంగా పార్సిల్ రావలసి ఉంటే, ట్రాకింగ్ సంఖ్యను ఇండియా పోస్ట్ వెబ్‌సైటులో మనమే వేసి చూసుకోవాలి. డబ్బు పోయినట్టు తేలిన మరుక్షణమే సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోన్ చేయాలి.