కచేరీ నచ్చని చెవులకు – 4వ పాఠం: పాట కంటే ముందే తాళం

పోయిన పాఠంల ఆదితాళం లెక్కపెట్టుకుంట ఒక త్యాగరాజ కృతి వినమన్న. వచ్చిన జవాబులన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి: "నా చెయ్యి ఒక దిక్కు, మృదంగం ఒక దిక్కు పోతున్నది." కాజీపేట నుంచి ఒకాయన "ఇంతకుముందు ఉట్టిగ నచ్చకపోయేది, ఇప్పుడు కోపం గూడ వస్తున్నది" అని రాసిండు. రానీయుండ్రి. లెక్క తప్పిందని తెలుస్తున్నదంటే చెవి పనిల పడ్డట్టే. ఈసారి రాగం గురించి చెప్తనన్న గని, అది పక్కకు పెడుతున్న.

తాళం ఎట్ల వెయ్యాల్నో మళ్ల చెప్ప. దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ-తిప్పు, దెబ్బ-తిప్పు, మొత్తం ఎనిమిది లెక్కలు. అంతే.

చిక్కు ఎక్కడున్నదంటే, గాయకుడు నోరు తెరిచిన చోట మీరు "ఒకటి" అంటున్నరు. అందరూ ఇదే చేసిన్రు. చానా కృతులు మొదటి దెబ్బ మీద, అంటే సమం మీద, మొదలే కావు. దెబ్బ పడ్డంక అర అక్షరం (అక్షరం అంటే తాళంల ఒక లెక్క) ఆగి అందుకునేవి ఉన్నయి, ఒకటిన్నర అక్షరం ఆగి అందుకునేవి ఉన్నయి. పాట అందుకునే ఆ చోటును ఎడుపు అంటరు. పద్మాక్షి గుట్ట కాడ బతుకమ్మ ఆడేటప్పుడు ఆలస్యంగ వచ్చినామె ఏం చేస్తది? పక్కన నిలబడి, చప్పట్లు చూసి, అదును చూసుకొని అడుగు కలుపుతది. ఆమె వచ్చినప్పుడే ఆట మొదలైందని ఎవరన్నా అంటరా? తాళం ముందు నుంచే తిరుగుతున్నది. పాట వచ్చి కలుస్తది. మొదటి మాట దగ్గర ఒకటి అని పట్టుకుంటే, ఆ అర అక్షరం తేడా పాట అయిపోయేదాక మీ వెంబడే వస్తది. మృదంగం తప్పు కొడుతున్నట్టు అనిపిస్తది. ఆ తర్వాత "ఈ సంగీతం మనకు పట్టదు" అని ఫోన్ పక్కకు పెడుతరు. పట్టనిది సంగీతం కాదు, ఆ అర అక్షరం.

అందుకే గాయకుని నోరు చూడకుండ్రి, చెయ్యి చూడుండ్రి. వీడియోల తొడ మీద చెయ్యి కనిపిస్తది. దెబ్బ పడ్డంక చిటికెన వేలు కదిలితే ఆ దెబ్బ ఒకటి. దెబ్బ పడ్డంక అరచెయ్యి వెల్లకిల తిరిగితే మీరు ఐదు కాడనో ఏడు కాడనో ఉన్నరు. ఒక్కొక్క దెబ్బ, ఒక్కొక్క వేలు రెండేసి సార్లు పడుతుంటే గాబరా పడొద్దు, అది రెండు కళల తాళం, నడక నిదానం అంతే. ఆడియోల ఇదంతా దొరకదు, కాబట్టి కొన్నాళ్లు వీడియోనే.

ఇగ నా అడ్డదారి. కృతి కష్టమైతే వర్ణంతోటి, అంటే సాధన కోసం నేర్పే పాటతోటి, మొదలుపెట్టుండ్రి. రామనాథపురం శ్రీనివాస అయ్యంగార్ మోహన రాగ వర్ణం "నిన్నుకోరి" ఆదితాళమే, సరిగ్గ సమం మీదనే మొదలైతది. పిల్లలకు నేర్పే వర్ణం మనకెందుకు అనకుండ్రి. అది కుదిరినంక త్యాగరాజు "నిధి చాల సుఖమా" పట్టుకోండ్రి. కల్యాణి రాగం, మిశ్రచాపు: తకిట తకధిమి, మూడు-నాలుగు, ఏడు. వేళ్ల లెక్కే లేదు.

హన్మకొండ నుంచి ఒక అక్క అడిగింది, ఊకె వినుకుంట పోతే అదే నచ్చుతదంట గదా అని. పదే పదే ఎదురైనదాని మీద ఇష్టం పెరుగుతదని 1968ల ఒక అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త చూపించిన మాట నిజమే. గని మొదలే రోత ఉన్నదానికి అది అంత తేలిగ్గ పనిచెయ్యది. కూర పోపేసుకుంట వెనుక కచేరీ పెట్టుకుంటే రోతనే ముదురుతది.

రాగం కాకుండ తాళంతోటి ఎందుకు మొదలుపెట్టిన అంటరా? ఐనవోలు మల్లన్న జాతరల ఒగ్గు డోలు విని పెరిగిన చెవులు మనయి. దరువు మనకు తొందరగ పడుతది. నాకైతే ఇప్పటికీ ఆలాపన కంటే తని ఆవర్తనమే ఇష్టం. మృదంగం ఒక్కటే వాయించి వాయించి, చివరికి ఒక ముక్కను మూడుసార్లు చెప్పి, సరిగ్గ ఎడుపు మీద దిగుతది, గాయకుడు అక్కడ పల్లవి అందుకుంటడు. ఎడుపు తెలిసినోనికి ఆ మూడోసారి ముంచుకొస్తుంటే కుర్చీల కుదురుగ కూసోబుద్ధి కాదు. తెలువనోనికి అది ఉట్టి మోత.

అభ్యాసం: తని ఆవర్తనం ఉన్న వీడియో ఒక్కటి తీసుకోండ్రి, వారం దాక మార్చొద్దు. ఎడుపు ఎన్నో అక్షరం మీదనో కాగితం మీద రాసుకోండ్రి. తని మొదలైనంక కండ్లు మూసుకొని మొత్తం తాళం వెయ్యుండ్రి, పల్లవి తిరిగి వచ్చేటప్పుడు మీ చెయ్యి ఆ చోటనే ఉండాలె. తప్పితే తని మొదటి నుంచి. నాకు రాసేటప్పుడు "బోర్ కొట్టింది" అని రాయకుండ్రి, చెయ్యి తప్పిన నిమిషం, సెకను రాసి పంపుండ్రి.