సెర్చ్ ఇంజిన్ పాఠాలు – 6: ఒకే పేజీకి పలు చిరునామాలు

సెర్చ్ ఇంజిన్ తరఫున వెబ్ పేజీలను తెరిచి చదివే ప్రోగ్రామ్ అయిన క్రాలర్ ఒక పేజీని చదివి ఇండెక్స్‌లో, అంటే ఇంజిన్ వెతికే జాబితాలో, చేర్చుకునే విధానాన్ని గత పాఠంలో చూశాం. అలా చదివిన పేజీ ఇదివరకే చదివినదానిలాగే ఉంటే సెర్చ్ ఇంజిన్ ఏం చేస్తుందన్నది ఈ పాఠంలోని విషయం. చీమకుర్తి క్వారీల బ్లాక్ గెలాక్సీ గ్రానైట్‌ను ఒంగోలు నుంచి అమ్మే ఒక దుకాణానికి వెబ్‌సైట్ ఉందని ఊహించుకుందాం.

ఆ సైట్‌లో బ్లాక్ గెలాక్సీ పలకలకు ఒక్కటే పేజీ ఉందని యజమాని నమ్మకం. అయితే చిరునామా ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నా లేకపోయినా, హెచ్‌టీటీపీ అని కొట్టినా హెచ్‌టీటీపీఎస్ అని కొట్టినా అదే పేజీ తెరుచుకుంటుంటే, ఇక్కడికే నాలుగు చిరునామాలైనట్టు. ధరల వరుసలో చూపించే మీట నొక్కితే చిరునామా చివర ఒక ప్రశ్నార్థకం, దాని వెనుక మరికొన్ని అక్షరాలు చేరతాయి. వాట్సాప్‌లో పంపిన ప్రకటన లింకుకు ఇంకో తోక తగులుతుంది. కొనుగోలుదారు కంటికి ఇదంతా ఒకే పేజీ, కానీ సెర్చ్ ఇంజిన్ తెరిచి చదివేదాకా ప్రతి చిరునామానూ వేరే పేజీగానే లెక్కిస్తుంది.

ఇలాంటి నకళ్లకు గూగుల్ శిక్ష వేస్తుందన్న భయం సైట్లను సెర్చ్ ఫలితాల్లో పైకి తెచ్చే పనిలో ఆరితేరినవారిలో కూడా పోలేదు. ఒక సైట్‌లో మామూలుగా ఏర్పడే నకళ్లకు శిక్షంటూ ఏదీ లేదని గూగుల్ 2008లోనే వివరించింది. కనుక ఆ భయం చూపించి నెలవారీ ప్యాకేజీ అంటగట్టాలని చూసేవారి మాట వినవలసిన పని లేదు. నిజంగా జరిగేది వడపోత: ఒకేలా ఉన్న పేజీలను ఇంజిన్ ఒక గుంపుగా చేర్చి, వాటిలో ఒకదాన్ని ప్రధాన పేజీగా ఎంచుకుని, ఫలితాల్లో సాధారణంగా దాన్నే చూపిస్తుంది. మనం కోరుకున్నది కాక తోక తగిలిన చిరునామా ఎంపికైతే, అదీ మనకు కలిగే నష్టం. నకళ్లను చదవడంలోనే క్రాలర్ సమయం గడిచిపోవడం లక్షల పేజీల సైట్లకు సమస్య గాని, మన గ్రానైట్ దుకాణం దాని గురించి బెంగపడనక్కర లేదు.

రెండు పేజీలు ఒకేలా ఉన్నాయని యంత్రం ఎలా కనిపెడుతుంది? ఆల్టావిస్టా సెర్చ్ ఇంజిన్ కోసం ఆండ్రే బ్రోడర్, ఆయన సహచరులు 1997లో ప్రకటించిన పద్ధతి ఇప్పటికీ చక్కగా అర్థమవుతుంది. “చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పలకలు టోకు ధరలకు” అన్న పాఠాన్ని నాలుగేసి మాటల ముక్కలుగా, ప్రతిసారీ ఒక్కో మాట ముందుకు జరుగుతూ కోస్తారు. మొదటి ముక్క “చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్”, రెండవది “బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పలకలు”. ఇలా 200 మాటల వివరణ నుంచి 197 ముక్కలు వస్తాయి. మధ్యలో ఎక్కడో “టోకు” తీసి “హోల్‌సేల్” అని పెడితే మారేవి నాలుగు ముక్కలే, తక్కిన 193 యథాతథంగా సరిపోతాయి. అక్కడక్కడా మాటలు మార్చి “కొత్త” వివరణ తయారుచేశామనుకోవడం ఎందుకు వృథా ప్రయాసో దీన్నిబట్టి తెలుస్తుంది. గూగుల్ నుంచి 2007లో వచ్చిన ఒక పరిశోధన పత్రం మరో దారి చూపింది: పేజీ మొత్తాన్ని 64 బిట్ల (సున్నాలు, ఒకట్ల) వేలిముద్రగా కుదించి, రెండు ముద్రల మధ్య తేడా మూడు బిట్లకు మించకపోతే వాటిని దాదాపు నకళ్లుగా పరిగణించడం.

నెల్లూరు, కావలి, కందుకూరు అంటూ ఊరి పేరు మాత్రం మార్చి అదే వివరణతో పదేసి పేజీలు పెట్టడం మన ప్రాంతపు వ్యాపార సైట్లకు తగని అలవాటు. సందర్శకులను ఒకేచోటికి మళ్లించడానికే పెట్టిన ఇలాంటి పేజీలను గూగుల్ స్పామ్ నియమాల కిందికి తెస్తుంది కాబట్టి, ఇక్కడ మాత్రం శిక్ష మాట నిజం. అదే సమాచారాన్ని తెలుగులో ఒక పేజీగా, ఇంగ్లీషులో మరొక పేజీగా పూర్తిగా రాస్తే అవి నకళ్లు కావు.

మన ఎంపికను ఇంజిన్‌కు చెప్పడానికి బలమైన మార్గాలు రెండు. పాత చిరునామాకు వచ్చినవారిని అసలు చిరునామాకు శాశ్వతంగా మళ్లించే 301 రీడైరెక్ట్ ఒకటి. హెచ్‌టీటీపీ, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ తేడాలకు ఇదే తగినది. ధరల వరుస వంటి తోకల చిరునామాలు వాడుకలో ఉండక తప్పదు గనుక వాటికి కెనానికల్ ట్యాగ్, అంటే ప్రధాన చిరునామా ఏదో పేజీ కోడ్‌లో చెప్పే గుర్తు, పెట్టాలి. గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ 2009 ఫిబ్రవరిలో కలిసి ప్రవేశపెట్టిన ఈ ట్యాగ్ సూచనే తప్ప ఆజ్ఞ కాదు. నకలును రోబోట్స్ ఫైల్‌తో (క్రాలర్ ఏ పేజీలు తెరవకూడదో చెప్పే ఫైల్) అడ్డుకుంటే క్రాలర్ ఆ పేజీని తెరవదు, తెరవకపోతే అందులోని ట్యాగ్‌ను చూడనే చూడదు; అందుచేత ఈ రెండింటినీ ఒకే పేజీకి వాడకూడదు.

అభ్యాసం: సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో యూఆర్ఎల్ (చిరునామా) తనిఖీ తెరిచి, మీ సైట్‌లోని ముఖ్యమైన ఒక పేజీ చిరునామా ఇవ్వండి. మీరు ప్రకటించిన కెనానికల్ ఒక వరుసలో, గూగుల్ ఎంచుకున్నది మరొక వరుసలో కనిపిస్తాయి. రెండూ వేరైతే మెనూలోని లింకులు, సైట్‌మ్యాప్ (సైట్‌లోని పేజీల చిరునామాల జాబితా) ఏ చిరునామాను చూపుతున్నాయో ముందుగా పరిశీలించండి. ట్యాగ్ ఒక చిరునామా చెబుతుండగా అవి మరొకటి చెబుతుంటే, వాటన్నిటినీ ఒకే చిరునామాకు మార్చి, పేజీని మళ్లీ ఇండెక్స్ చేయమని అక్కడే కోరండి.