ఇంటికి సోలార్, మన చేత్తో – 7వ పాఠం: 335 వాట్లు ఎటు పోయాయి?

ఈసారి ఎర్తింగ్ చెప్పుకోవాలి. కానీ దాన్ని వచ్చే పాఠానికి జరిపేశాను, కారణం మీరే. పోయినసారి ప్యానెల్, దానికీ బ్యాటరీకీ మధ్య ఉండి ఛార్జింగ్ చూసుకునే కంట్రోలర్, ఇన్వర్టర్ బ్యాటరీ మూడూ కలిపి మధ్యాహ్నం రీడింగ్ పంపమన్నాను కదా. వచ్చినవాటిలో ఎక్కువమందిది ఒకటే గోల: "ప్యానెల్ 335 వాట్లండీ, కంట్రోలర్ మీద ఎనిమిదిన్నర ఆంప్స్ మించి రావట్లేదు. పదమూడు ఓల్టులతో గుణిస్తే 110 వాట్లు. షాపువాడు పాత సరుకు అంటగట్టాడా?"

అంటగట్టలేదు. ప్యానెల్ బాగానే ఉంది. దాని సంగతి కాస్త పొడుగు. ముందు చిన్నవి తేల్చేస్తాను.

"మిట్టమధ్యాహ్నం రెండు ఆంప్సే వస్తోంది" అన్నవాళ్లు బ్యాటరీ సంగతి చూసుకోలేదు. రాత్రంతా మీ ఇన్వర్టర్ మెయిన్స్ కరెంటుతో దాన్ని నింపేసింది. నిండిన బ్యాటరీకి కంట్రోలర్ ఇంకేం పోస్తుంది? 13.6 ఓల్టుల దగ్గర ఊరికే నిలబెట్టి ఉంచుతుంది, అంతే. ఖాళీ ఉన్న బ్యాటరీ మీదే ప్యానెల్ సత్తా తెలుస్తుంది.

"క్లాంప్ మీటర్ సున్నా చూపిస్తోంది" అన్నవాళ్లు, తీగ చుట్టూ పెట్టి ఆంప్స్ కొలిచే ఆ మీటర్ డయల్ ఒకసారి చూడండి. ఆంప్స్ దగ్గర 'ఏ' అక్షరం పక్కన అలల గీత ఒక్కటే ఉంటే అది ఏసీ కరెంటే కొలుస్తుంది. ఎలక్ట్రీషియన్ల దగ్గర కనిపించే చవక క్లాంపులు చాలావరకు ఇవే. డీసీ కొలవాలంటే అడ్డగీత, దాని కింద చుక్కల గీత ఉన్న గుర్తు కూడా ఉండాలి. కొనేముందు ఆ గుర్తు మీ కళ్లతో చూసి కొనండి. మల్టీమీటర్‌లోని 10 ఆంప్స్ రంధ్రంతో పని కానిద్దాం అనుకునేవాళ్లకు ఒక మాట: 540 వాట్ల ప్యానెల్ షార్ట్ సర్క్యూట్ కరెంటు 14 ఆంప్స్ దగ్గర ఉంటుంది. మీటర్ పోతుంది.

కంట్రోలర్ మీద "24" అని వచ్చినవాళ్లు ముందు ప్యానెల్ వైర్లు బిగించి తర్వాత బ్యాటరీ కలిపారు. తగిలించేటప్పుడు బ్యాటరీ ముందు, తీసేటప్పుడు ప్యానెల్ ముందు. బ్యాటరీ ఓల్టేజీ చూసే ఇది పన్నెండా, ఇరవైనాలుగా అని కంట్రోలర్ తేల్చుకుంటుంది.

ఇక అసలు సంగతి.

మీ 335 వాట్ల ప్యానెల్ వెనక స్టికర్ చదవండి. వాట్ల అంకె కాదు, దాని కింద ఉన్న నాలుగు అంకెలు. సుమారుగా ఇలా ఉంటాయి: తీగలు ఏమీ తగిలించకుండా 46 ఓల్టులు, పనిలో ఉన్నప్పుడు 38 ఓల్టులు, పనిలో 8.8 ఆంప్స్, షార్ట్ చేస్తే 9.3 ఆంప్స్. 38ని 8.8తో గుణించండి, 335 వస్తుంది. అంటే ఆ వాట్లు 38 ఓల్టుల దగ్గర మాత్రమే ఉన్నాయి. మీ బ్యాటరీ ఏమో పదమూడు ఓల్టుల దగ్గర కూర్చుంది.

మధ్యలో మీరు పెట్టింది పీడబ్ల్యూఎం కంట్రోలర్. దాని లోపల ఉన్నది ఒక స్విచ్చు. బ్యాటరీ నిండేదాకా వేసి ఉంచుతుంది, నిండాక టకటకా వేసి తీస్తూ ఉంటుంది. స్విచ్చు వేసి ఉన్నంతసేపూ ప్యానెల్ నేరుగా బ్యాటరీకి తగిలించినట్టే. అప్పుడు ప్యానెల్ కూడా పదమూడు ఓల్టులకు దిగిపోవాల్సిందే. ఆంప్స్ మాత్రం పెరగవు, అవే తొమ్మిదికి అటూ ఇటూ. మిగతా 25 ఓల్టులు ప్యానెల్‌లోనే ఉండిపోయాయి. మీరు డబ్బు కట్టింది 335కి, వాడుకుంటున్నది మూడో వంతు.

ఇదే ప్యానెల్‌కి ఎంపీపీటీ కంట్రోలర్ పెడితే అది ఎక్కువ ఓల్టులను ఆంప్స్‌గా మార్చి ఇస్తుంది. ఎండకి కాగిన ప్యానెల్ 33 ఓల్టుల దగ్గర 8.5 ఆంప్స్ ఇస్తోందనుకోండి, 280 వాట్లు. మార్పిడిలో ఓ ఐదు శాతం పోయినా బ్యాటరీకి 20 ఆంప్స్ వెళ్తాయి. అదే ప్యానెల్, అదే ఎండ, అదే డాబా.

దీన్ని ఇంత సాగదీయడానికి కారణం ఉంది. షాపుకెళ్లి "ఎన్ని వాట్లు?" అని అడిగితే వాళ్లు వాట్లే చెబుతారు. "150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే బ్యాటరీలో పట్టే ఛార్జి) బ్యాటరీకి 335 వాట్లు చాలండీ" అంటారు, పక్కనే ఉన్న చవక కంట్రోలర్ చేతిలో పెడతారు. మీరు అడగాల్సింది: పనిలో ఓల్టులెంత, ఆంప్స్ ఎంత. పీడబ్ల్యూఎం పెట్టే ఇంట్లో వాట్ల మాటే ఎత్తకండి. ఆంప్స్ ఒక్కటే లెక్క. 540 వాట్ల ప్యానెల్‌కి పీడబ్ల్యూఎం పెట్టిన పెద్దమనిషికి 13 ఆంప్స్ వస్తున్నాయి, అంటే 170 వాట్లు. ఆయన ఇంకో ప్రమాదం కూడా నెత్తిన పెట్టుకున్నాడు. తీగలు ఏమీ తగిలించకుండా ఆ ప్యానెల్ ఓల్టేజీ 49.5. కంట్రోలర్ మీద గరిష్ఠం 50 అని రాసి ఉంది. స్టికర్ అంకెలు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. చలి పెరిగితే ఓల్టులూ పెరుగుతాయి. డిసెంబరులో లంబసింగి వైపో ఆదిలాబాద్ వైపో పొద్దున్నే పది డిగ్రీలు ఉన్నప్పుడు అదే ప్యానెల్ 51 దాటుతుంది. కంట్రోలర్ ఆ పొద్దున పోతుంది, వారంటీవాడు ఒప్పుకోడు.

మీది నిజంగా ఎంపీపీటీయేనా అన్నది ఇంకో తలనొప్పి. డబ్బా మీద ఆ అక్షరాలు ముద్రించి లోపల పీడబ్ల్యూఎం పెట్టి అమ్మేవి బజారులో బోలెడు. తేల్చుకోవడం తేలిక. బ్యాటరీ కాస్త దిగి ఉన్నప్పుడు, మంచి ఎండలో, కంట్రోలర్ మీద ప్యానెల్ వైర్లు దిగిన రెండు స్క్రూల మీద మీటర్ పెట్టండి. 30కి పైన చూపిస్తే అసలుది. 14 దగ్గర చూపిస్తే డబ్బా వెనక్కి ఇచ్చేయండి. చేత్తో ఎత్తి చూసినా నాకైతే తెలిసిపోతుంది. లోపల రాగి చుట్ట ఉన్నది బరువుగా ఉంటుంది, అగ్గిపెట్టెలా తేలిపోదు.

ఇప్పుడేం చేయాలి? 335 ప్యానెల్ కొనేసి ఉంటే కంట్రోలర్ మార్చండి. ఇంకా ఏమీ కొననివాళ్లకు నా సొంత ఇష్టం వేరు: 165 వాట్ల పన్నెండు ఓల్టుల ప్యానెళ్లు (అంటే పన్నెండు ఓల్టుల బ్యాటరీ కోసం చేసినవి) రెండు, పారలల్‌లో, అంటే ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి, మంచి పీడబ్ల్యూఎం. ఒక్కోటి 18 ఓల్టుల దగ్గర తొమ్మిది ఆంప్స్ ఇస్తుంది, రెండూ కలిపి 18. ఎంపీపీటీకి దాదాపు దగ్గరికే వచ్చేశాం కదా. పైగా పీడబ్ల్యూఎంలో పాడయ్యేవి తక్కువ, పల్లెలో ఉన్నా మార్చుకోవచ్చు. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీకి 15 ఆంప్స్ దగ్గర ఛార్జింగ్ బాగుంటుంది. కాసేపు 17, 18 వెళ్లినా కంగారు పడక్కర్లేదు.

కానీ ఈ దారిలో రెండు చిక్కులున్నాయి. ఒకటి వైరు. ఎండాకాలం ప్యానెల్ ఒళ్లు 60 డిగ్రీలు దాటుతుంది. ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున 18 ఓల్టులు పదిహేనున్నరకి దిగుతాయి. బ్యాటరీ నిండాలంటే 14.4 కావాలి. చేతిలో ఉన్నది ఒక్క ఓల్టు. డాబా మీంచి కింద గదికి పది మీటర్లు, పోనూ రానూ ఇరవై. ఇంటి వైరింగ్‌లో మిగిలిన 2.5 ఎంఎం వైరు వేస్తే తొమ్మిది ఆంప్స్‌కి 1.3 ఓల్టులు దారిలోనే పోతాయి. రెండు ప్యానెళ్లనీ ఆ ఒక్క జతకే కలిపితే 2.6. ఇక చివరి దశలో ఆంప్స్ జారిపోతాయి, సాయంత్రమైనా బ్యాటరీ నిండదు, ఏడాది తిరిగేసరికి ప్లేట్లు సల్ఫేట్ పట్టి బ్యాటరీ బరువెక్కిన డబ్బా అవుతుంది. అందుకే ఒక్కో ప్యానెల్‌కి వేరే జత, 6 ఎంఎం సోలార్ కేబుల్. 0.6 ఓల్టులతో బయటపడతారు. కంట్రోలర్ బ్యాటరీ పక్కనే ఉండాలి, డాబా మీద కాదు.

రెండో చిక్కు నీడ. పన్నెండు ఓల్టుల ప్యానెల్‌లో 36 సెల్స్, సాధారణంగా రెండు బైపాస్ డయోడ్లు, అంటే నీడ పడిన భాగాన్ని తప్పించి కరెంటును పక్కదారిన పంపేవి. ట్యాంకు నీడ ఒక సగం మీద పడితే ఆ సగం పక్కకు తప్పుకుంటుంది, మిగిలేది తొమ్మిది ఓల్టులు. బ్యాటరీకి అది సున్నాతో సమానం. 72 సెల్స్ ఉన్న 335 ప్యానెల్‌లో మూడు డయోడ్లు. ఒక భాగం పోయినా ఇంకా 25 ఓల్టులు ఉంటాయి, పీడబ్ల్యూఎం కంట్రోలర్‌తో ఆంప్స్ పెద్దగా తగ్గవు. కొబ్బరాకుల నీడ తప్పని ఇంట్లో, కంట్రోలర్ మార్చే స్తోమత లేకపోతే, పెద్ద ప్యానెల్ అలాగే ఉంచుకోండి. నేను తిట్టాను కదా అని అమ్మేయకండి.

ఎంసీ4 కనెక్టర్ బిగించడం, దక్షిణం వైపు 15 డిగ్రీల వాలు, ఇవన్నీ మళ్లీ చెప్పను. ఫ్యూజు మాత్రం చెప్పాలి, చాలా ఫొటోల్లో కనబడలేదు. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపు 30 ఆంప్స్ ఫ్యూజు. ప్యానెల్ వైపు డీసీ ఎంసీబీ. ప్లస్, మైనస్ గుర్తులుంటే వాటి ప్రకారమే కలపాలి, తిరగేసి పెడితే ఆఫ్ చేసినప్పుడు నిప్పు ఆరకపోవచ్చు. బ్యాటరీ దగ్గర స్పానర్ పట్టుకునేముందు దాని పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి, చేతి ఉంగరం తీసేయండి.

ఇద్దరు ముగ్గురు "దీన్ని గ్రిడ్ టై ఇన్వర్టర్‌తో ఇంటి మీటర్‌కి కలిపేస్తే బిల్లు తగ్గదా" అని అడిగారు. ఆ పని మన చేత్తో చేసేది కాదు. స్తంభం మీద లైన్‌మన్ ఉన్నప్పుడు మీ ఇంట్లోంచి కరెంటు వెనక్కి వెళ్తే ఏమవుతుందో ఆలోచించండి. అది డిస్కంకి దరఖాస్తు పెట్టి, నెట్ మీటర్ వేయించుకుని చేయాలి. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ సబ్సిడీ, 3 కిలోవాట్లకు 78,000 రూపాయలు, రిజిస్టరైన వెండర్ బిగిస్తేనే వస్తుంది. ఇన్వర్టర్ నుంచి ఇంటి బోర్డుకు పోయే 230 ఓల్టుల వైపు కూడా లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. మనది బ్యాటరీ దాకానే.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టమైనదే ఇస్తున్నాను.

శనివారం రాత్రి ఇన్వర్టర్ మెయిన్స్ ప్లగ్గు తీసేసి, ఫ్యాన్లు దాని మీదే నడపండి. బ్యాటరీ 11.8కి దిగితే ఆపేయండి. ఆదివారం పొద్దున ఇన్వర్టర్ ఆఫ్ చేసి, ఇంటి లైన్‌ని బైపాస్ స్విచ్చుతో నేరుగా మెయిన్స్‌కి మార్చండి. బైపాస్ లేనివాళ్లు ఇంట్లో ముందే చెప్పి పెట్టుకోండి, టీవీ ఆ లైన్ మీదే ఉంటే సాయంత్రం దాకా తిట్లు తప్పవు. ఎనిమిది నుంచి నాలుగు దాకా అరగంటకోసారి మూడు అంకెలు రాయండి: కంట్రోలర్ దగ్గర ప్యానెల్ ఓల్టులు, బ్యాటరీ స్క్రూల మీద ఓల్టులు, ఆంప్స్. పన్నెండింటికి ఒకసారి ఇంకొకరిని తోడు పెట్టుకుని, డాబా మీద ప్యానెల్ వైర్లు చేరే డీసీ బాక్సులో ఓల్టులు, కింద కంట్రోలర్ దగ్గర ఓల్టులు ఒకే నిమిషంలో చూడండి. ఆ తేడాయే మీ వైరు తింటున్నది. ఆంప్స్ అన్నీ కూడి సగం చేస్తే ఆ రోజు బ్యాటరీకి ఎన్ని ఏహెచ్ వెళ్లాయో వస్తుంది. 335 ప్యానెల్, పీడబ్ల్యూఎం ఉన్నవాళ్లకు మబ్బు లేని రోజు 40కి అటూ ఇటూ వస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే.

పట్టిక పంపేటప్పుడు ప్యానెల్ వెనక స్టికర్ ఫొటో, కంట్రోలర్ ఫొటో జత చేయండి. "పెద్ద ప్యానెల్, మంచి కంపెనీ" అని రాసి పంపితే జవాబు ఇవ్వను.