సూర్య నమస్కారం ఇంట్లో చేసుకునేవాళ్లకు: ఊపిరి తెగకుండా, నడుము పట్టకుండా

ఒక్కో కదలికకు ఒక్కో ఊపిరి. సూర్య నమస్కారానికి ఇదే కొలత. మధ్యలో ఊపిరి తెగినా, నోరు తెరిచి రొప్పుతున్నా వేగం ఎక్కువైందని, లేదా ఒంటికి మించి వంగారని అర్థం. అక్కడ తగ్గించుకోవాలి. అంకె కోసం పరుగులు తీస్తే చెమట పట్టడంతో పాటు నడుమూ పట్టేస్తుంది.

దీంట్లో సంప్రదాయాలు చాలా ఉన్నాయి. మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవన్‌రావు పంత్ ప్రతినిధి 1920లలో దీన్ని వ్యాయామంగా ప్రచారం చేశారు. మైసూరులో యోగా గురువు కృష్ణమాచార్య శిష్యుడు పట్టాభి జోయిస్ నేర్పిన పద్ధతిలో మొదటి రకం నమస్కారం 9 లెక్కల్లో, రెండో రకం 17 లెక్కల్లో పూర్తవుతుంది. ఇక్కడ చెప్పేది మన దగ్గర ఎక్కువగా నేర్పే 12 భంగిమల వరస. మీ గురువు వేరే వరస నేర్పితే అదే చేయండి. రెండూ కలపొద్దు, ఊపిరి లెక్క చెడిపోతుంది.

మొదలుపెట్టే ముందు

పొద్దున్నే పరగడుపున చేయడం అన్నిటికన్నా మేలు. సాయంత్రమైతే భోజనం చేసి నాలుగు గంటలు, టిఫిన్ తిని రెండు గంటలు గడవాలి. గ్రానైట్ మీద, టైల్స్ మీద దుప్పటి పరచొద్దు. పర్వతాసనంలో చేతులు ముందుకు జారి భుజాలు లాగేస్తాయి. జారని మ్యాట్ కావాలి. కాగితం చుట్టిన రెండు ఇటుకలు, మడత పెట్టిన ఒక తువ్వాలు పక్కన పెట్టుకోండి.

బీపీ అదుపులో లేనివాళ్లు, గ్లకోమా, హెర్నియా, డిస్క్ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు.

వరస

1. ప్రణామాసనం. పాదాలు దగ్గరగా పెట్టి, అరచేతులు ఛాతీ ముందు జోడించి ఊపిరి వదలండి. 2. హస్త ఉత్తానాసనం. ఊపిరి తీసుకుంటూ చేతులు పైకెత్తండి. చాలామంది ఇక్కడ నడుము దగ్గర మడిచేసి వెనక్కి వాలతారు. తొడలు, పిరుదులు బిగించి ఛాతీని పైకి లాగితే వంపు వీపు పైభాగంలోకి వెళ్తుంది. కొంచెం వంగినా చాలు.

3. పాదహస్తాసనం. ఊపిరి వదులుతూ ముందుకు వంగాలి. మోకాళ్లు నిటారుగా ఉంచి వేళ్లు నేలకు ఆనించాలన్న పట్టుదల వల్లే ఎక్కువ మందికి నడుము నొప్పి వస్తుంది. తొడ వెనక కండరాలు పిరుదుల కింద ఎముకకు అతుక్కుని ఉంటాయి. అవి బిగుసుకుంటే కటి (తుంటి ఎముకల గూడు) ముందుకు తిరగదు, ఆ వంపంతా నడుము డిస్కుల మీద పడుతుంది. తుంటి దగ్గర తలుపు బందులా మడత పడాలి. అందుకని పొట్ట తొడలకు తగిలేదాకా మోకాళ్లు వంచండి, చేతులు ఇటుకల మీద ఆనించండి. కాళ్లు వాటంతట అవే నెమ్మదిగా సాగుతాయి.

4. అశ్వ సంచలనాసనం. ఊపిరి తీసుకుంటూ కుడికాలు వెనక్కి పెట్టి, మోకాలు తువ్వాలు మీద ఆనించండి. ముందున్న మోకాలు మడమకు నేరుగా పైన ఉండాలి. 5. పర్వతాసనం. ఊపిరి వదులుతూ ఎడమకాలు కూడా వెనక్కి తీసి నడుము పైకెత్తండి. మడమలు నేలకు ఆనకపోయినా ఫర్వాలేదు, ముందు వెన్ను నిటారు కావాలి. వేళ్లు విడదీసి, చూపుడువేలి మొదలూ బొటనవేలి మొదలూ నేలకు గట్టిగా నొక్కండి. బరువంతా అరచేతి మడమ (మణికట్టు వైపున్న అరచేతి అడుగుభాగం) మీద పడితే మణికట్టు నొప్పి పుడుతుంది. ఇప్పటికే నొప్పి ఉంటే మ్యాట్ అంచు మడిచి అరచేతి మడమ కింద పెట్టుకోండి.

6. అష్టాంగ నమస్కారం. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే చాలామంది దీన్ని దాటేసి ధబ్బున బోర్లా పడుకుంటారు. రెండు పాదాలు, రెండు మోకాళ్లు, రెండు చేతులు, ఛాతీ, గడ్డం, ఈ ఎనిమిదే నేలను తాకాలి. పొట్ట, తుంటి పైనే ఉంటాయి. ఊపిరి వదిలేసి, మళ్లీ తీసుకోకుండా ఆపి, ముందు మోకాళ్లు, తర్వాత చేతుల మధ్యకు ఛాతీ, ఆఖరున గడ్డం దించండి. మోచేతులు పక్కటెముకలకు ఆనుకుని వెనక్కి చూడాలి. అవి పక్కలకు విచ్చుకుంటే భుజం ముందుభాగంలో నొప్పి మొదలవుతుంది. చేతులు ఛాతీకి బాగా ముందుకు ఉండిపోయినా అంతే. పొట్ట ముందు పడుతోందంటే చేతుల్లో బలం ఇంకా రాలేదు. అలాంటివాళ్లు రోజూ ఈ ఒక్క ముక్కనే విడిగా సాధన చేయాలి: మోకాళ్ల మీద ఉండి నాలుగు లెక్కపెడుతూ ఛాతీ దించడం, ఐదుసార్లు. ఈ విడి సాధనలో ఊపిరి ఆపక్కర్లేదు, మామూలుగా వదులుతూనే చేయొచ్చు. కొన్ని వారాల్లో నమస్కారం మొత్తం స్వరూపమే మారిపోతుంది. అంత అందమైన కదలిక ఇది.

7. భుజంగాసనం. ఊపిరి తీసుకుంటూ ఛాతీని ముందుకు జరిపి ఎత్తండి. కటి ఎముక నేల మీదే ఉండాలి, మోచేతులు కొంచెం వంగి ఉండాలి, భుజాలు చెవుల దగ్గరకు పోకూడదు. 8. మళ్లీ పర్వతాసనం, ఊపిరి వదలడం. 9. కుడికాలు ముందుకు తెచ్చి అశ్వ సంచలనం, ఊపిరి తీసుకోవడం. కాలు చేతుల మధ్యకు రాకుండా సగంలో ఆగిపోతే ఎగిరి వేయొద్దు. బరువు ఎడమచేతి మీదకు మార్చి, కుడిచేత్తో చీలమండ పట్టుకుని ముందుకు తెచ్చుకోండి. 10, 11, 12 భంగిమలు మొదటి మూడింటికి తిరుగు వరస. ఊపిరి వదలడం, తీసుకోవడం, వదలడం.

ఎడమకాలితో ఇదంతా మళ్లీ చేస్తేనే ఒక ఆవృత్తి పూర్తయినట్టు. ప్రశాంతంగా చేస్తే ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు పడుతుంది.

ఎన్ని చేయాలి

మొదటి వారం రెండు ఆవృత్తులు. వారానికి ఒకటి చొప్పున పెంచుకుంటూ ఆరు దగ్గర నెలరోజులు నిలవండి. ఆ తర్వాత పన్నెండు. ఆఖరి ఆవృత్తి కూడా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటూ చేయగలిగితేనే మరొకటి కలపండి. అయ్యాక ఐదు నిమిషాల శవాసనం తప్పనిసరి. స్నానానికి ఇంకో పావుగంట ఆగండి.

మంత్రాలు చెప్పుకునేవాళ్లు మిత్రాయ, రవయే, సూర్యాయ, భానవే, ఖగాయ, పూష్ణే, హిరణ్యగర్భాయ, మరీచయే, ఆదిత్యాయ, సవిత్రే, అర్కాయ, భాస్కరాయ నామాలను ఒక్కో భంగిమకు ఒకటిగా మనసులో అనుకోవచ్చు. పైకి అంటే ఊపిరి చెదురుతుంది. పైకే చెప్పాలనుకుంటే నిలబడి, నమస్కారానికి ఒక నామం చొప్పున చెప్పి మొదలుపెట్టండి.

రథసప్తమికి 108 చేయాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. రోజూ పన్నెండు ఆవృత్తులు తేలిగ్గా చేసేవాళ్లే దానికి దిగాలి. రెండు నెలల ముందు నుంచి వారానికోసారి లెక్క పెంచుకుంటూ రండి. ఆ రోజు ఒక్కో కాలిని ఒకటిగా లెక్కించి, 27 చొప్పున నాలుగు విడతలుగా, మధ్యలో రెండు నిమిషాలు నిలబడి చేయండి. లెక్కకు 27 చింతగింజలు మ్యాట్ ఎడమవైపు పెట్టుకుని ఒక్కొక్కటీ కుడివైపుకు జరపండి. మోచేతులు విచ్చుకోవడం మొదలైతే అష్టాంగ నమస్కారానికి బదులు మోకాళ్ల మీదే ఉండి ఛాతీ సగం వరకు దించండి. మర్నాడు రెండు ఆవృత్తులు మాత్రమే, అవీ నెమ్మదిగా.